పునరుద్ధరణమా? ప్రక్షిప్తమా?

పాత యమహా ఆరెక్స్ 100 ఒకటి ఎక్కడినుంచో వెదకి తెచ్చి, దానికి మెరిసే రంగు పూయించి, సైలెన్సరులోని జాలీ పీకించి, సాయంకాలం నాలుగు వీధుల కూడలిలో నలుగురి చెవులూ చిల్లులు పడేలా ఉరిమించి, "బండిని రీస్టోర్ చేశాను" అని చాటుకోవడం మా పశ్చిమ ప్రకాశంలో ఇప్పుడొక వేడుక. మార్కాపురంలో ఉంది, గిద్దలూరులో ఉంది, కంభంలోనూ ఉంది. చేసేవారందరూ కుర్రవాళ్ళే అయితే వయసు పొగరని సరిపెట్టుకొందును. కాని చేయించేవారిలో నలభై దాటినవారున్నారు, నా దగ్గర ఛందస్సు చదువుకొన్నవారున్నారు. అందుకే ఈ టపా. నేననేది సూటిగా చెబుతాను: ఇది పునరుద్ధరణ కాదు, ప్రక్షిప్తం.

"తెలుగు పండితుడికి ఇంజన్లతో ఏమి పని?" అని అడగబోయేవారికి ముందే ఒక మనవి. 1989లో కొన్న ఆరెక్స్ 100 మీద నేను ఉద్యోగకాలమంతా పల్లెటూరి బడులకు తిరిగాను. కొన్నాళ్ళు యర్రగొండపాలెం వైపు, కొన్నాళ్ళు అర్ధవీడు వైపు, ఆ తరువాత కంభం చెరువు కింది ఊళ్ళలో. బండి ఆగిపోతే మెకానిక్కు దగ్గరకు పది పన్నెండు మైళ్ళు తోసుకుపోవలసిన చోట పనిచేసినవాడు పానా పట్టడం నేర్చుకోక తప్పదు. ఇప్పుడు ఉద్యోగం లేదు, బండి ఉంది. ఏడాదికొకసారి ఇంటి వసారాలో దాన్ని విప్పి, తుడిచి, కొలిచి, మళ్ళీ బిగిస్తాను. యంత్రశాస్త్రంలో నాకు పట్టా లేదు. అయితే ఒక గ్రంథాన్ని ముందు పెట్టుకొని, అందులో ఏది మూలమో, ఏది తరువాత చొరబడినదో తేల్చడం నా వృత్తివిద్య. ఆ విద్య ఇచ్చిన చనువుతోనే మాట్లాడుతున్నాను.

ఈ బండ్ల కథ తెలియని చదువరుల కోసం నాలుగు ముక్కలు. 1980ల నడుమ విదేశీ సహకారంతో జపాను బండ్లు మన దేశంలో ఒకదాని వెంట ఒకటి దిగాయి. 1984లో ఇండ్-సుజుకి ఏఎక్స్ 100, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది చివర ఎస్కార్ట్స్ వారి ద్వారా యమహా ఆరెక్స్ 100, 1986లో బజాజ్ వారి కవాసకి కేబీ 100. వీటిలో హోండా ఒక్కటే ఫోర్ స్ట్రోక్, తక్కిన మూడూ టూ స్ట్రోక్. అప్పటిదాకా మనకు తెలిసినవి బుల్లెట్టు, యెజ్డీ, రాజ్‌దూత్. బరువుగా, నింపాదిగా నడిచే ఆ బండ్ల నడుమ ఆరెక్స్ 100 లేడిపిల్లలా దూకింది. దాని సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టను నడక 50 మిల్లీమీటర్లు. గుణించుకొంటే 98 సీసీ. ఆ చిన్న గదిలోంచి 11 అశ్వాల శక్తి వచ్చేది. బండి బరువు నూరు కిలోలకు కాస్త పైన. రహస్యమంతా ఆ నిష్పత్తిలోనే ఉంది. 1996లో దాని తయారీ ఆగిపోయింది. కాలుష్య నిబంధనలు బిగిసిందీ ఆ ఏడాదే. అంటే ఇవాళ రోడ్డు మీద కనిపించే ప్రతి ఆరెక్స్ 100కూ దాదాపు ముప్పై ఏళ్ళో అంతకు మించో వయసు ఉన్నట్టే.

ఇంకొక సంగతి చెప్పనివ్వండి. 1887లో టొరకుసు యమహా అనే ఆయన జపానులోని హమమత్సు పట్టణంలో ఒక పాఠశాలకు చెందిన రీడ్ ఆర్గను పాడైతే బాగుచేశాడు. ఆ మరమ్మతుతోనే యమహా కథ మొదలయింది. బడిపంతులుగా ఈ సంగతి నాకు మహా ఇష్టం. ఆయన ముందుగా ఆ వాద్యం ఎలా పలకాలో అలా పలికించాడు. తనదైన వాద్యాన్ని ఆ తరువాత వేరుగా చేశాడు. బడివాళ్ళ ఆర్గనును కోసి తన ముచ్చట తీర్చుకోలేదు. 1955లో ఆ సంగీత వాద్యాల సంస్థ నుంచే మోటారు సంస్థ విడివడింది. నేటికీ ట్యాంకు మీది గుర్తులో మూడు శ్రుతిదండాలు కనిపిస్తాయి. "ట్యూనింగ్" అనే మాటకు మనకు తెలుగులో వేరే పదం వెదకనక్కరలేదు. శ్రుతి చేయడమే. తంబురాను శ్రుతి చేయమంటే గట్టిగా మోగించడమని ఎవడైనా అర్థం చెబితే వాణ్ణి మనం ఏమంటాం? మరి బండి విషయంలో ఆ అర్థాన్ని ఎందుకు ఒప్పుకొంటున్నాం?

ఇక నా విద్య. బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి తెలుగు కావ్యాలను పరిష్కరింపజేసినప్పుడు ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించాడు. ప్రతుల్లో మూడు రకాల చెరుపు కనిపిస్తుంది. చెదలు తిని ఆకు చిల్లి పడితే అది గ్రంథపాతం. రాసేవాడు ఏమరుపాటున అక్షరం మార్చితే లేఖకదోషం. ఎవడో తన పాండిత్యం చూపడానికి తన పద్యాన్ని కవి పద్యాల నడుమ దూర్చితే ప్రక్షిప్తం. పరిష్కర్త మొదటిదాన్ని పూరిస్తాడు, రెండోదాన్ని దిద్దుతాడు, మూడోదాన్ని తొలగిస్తాడు. పాత బండికీ ఇవే మూడు జబ్బులు. అరిగిన రింగులు, ఎండి పగిలిన రబ్బరు సీళ్ళు గ్రంథపాతం. ఎవరో తెలియక వేసిన వేరే బండి జెట్టు, తప్పుగా పెట్టిన పాయింట్ల ఎడం లేఖకదోషం. కోసిన సైలెన్సరు, పీకేసిన ఫిల్టరు, తీసేసిన ఆయిలు పంపు ప్రక్షిప్తాలు. ఇప్పుడు "రీస్టోరేషన్" పేరుతో జరుగుతున్నదేమంటే మొదటి రెండింటినీ రంగుతో కప్పిపుచ్చి, మూడోదాన్ని దండిగా చేర్చడం. పరిష్కరణ అనవలసినది దీనికి సరిగ్గా తలకిందులు.

ప్రక్షిప్తాలను ఒక్కొక్కటిగా పరీక్షిద్దాం.

మొదటిది సైలెన్సరు. ఫోర్ స్ట్రోక్ ఇంజనుకు పొగ పోవడానికీ గాలి రావడానికీ తలుపుల వంటి వాల్వులు వేరుగా ఉంటాయి. టూ స్ట్రోక్ సిలిండరులో పిస్టనే తలుపు. అది కిందికి దిగినప్పుడు పొగ పోయే ద్వారమూ, కొత్త పెట్రోలు గాలి మిశ్రమం వచ్చే ద్వారాలూ కొంతసేపు ఒకేసారి తెరుచుకొని ఉంటాయి. ఆ కొంతసేపట్లో వచ్చిన చుట్టం వచ్చినట్టే వీధిలోకి జారుకొంటాడు. అంటే కాలని పెట్రోలు పొగ వెంట వెళ్ళిపోతుంది. దాన్ని వెనక్కి నెట్టేది ఏమిటి? పొగగొట్టమే. పేలుడు వెంట ముందుకు పరుగెత్తిన ఒత్తిడి తరంగం గొట్టం సన్నబడే చోట తాకి వెనుదిరిగి వచ్చి, బయటికి జారుతున్న మిశ్రమాన్ని సిలిండరులోకి తోస్తుంది. ఆ తిరుగు తరంగం ద్వారం మూసుకొనే లోపల రావాలి. అందుకే గొట్టం పొడవు, లావు, అది సన్నబడే చోటు, చివరి జాలీకి ఉన్న దారి, ఇవన్నీ ఇంజను వేగాన్ని బట్టి లెక్కగట్టి పెట్టినవి. యతిస్థానం వంటివి. టూ స్ట్రోక్ బండికి సైలెన్సరు తోక కాదు, ఇంజనులో సగం. మన వీరులు రంపం పట్టుకొని కోస్తున్నది ఆ సగాన్ని.

కోసిన తరువాత ఏమవుతుంది? చప్పుడు పెరుగుతుంది, తక్కువ వేగంలో లాగుడు తగ్గుతుంది. ఒంటరిగా ఖాళీ రోడ్డు మీద పోయేవాడికి అది తెలియదు. వెనుక మనిషిని కూర్చోబెట్టుకొని, ముందు బియ్యం మూట పెట్టుకొని, గిద్దలూరు నుంచి ఘాటు రోడ్డు ఎక్కేవాడికి బాగా తెలుస్తుంది. గొంతు చించుకొన్నంత మాత్రాన పద్యం రాగయుక్తం కాదని ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పేవాణ్ణి. శబ్దం శక్తి కాదు. నిజంగా శక్తి పెంచదలచినవారు వేరే ఉన్నారు. షోలవరం పందేల కాలం నుంచి ఈ చిన్న ఇంజనును పరుగుకు తయారుచేసిన మేస్త్రీలున్నారు. వారు పోర్టులు, గొట్టం, జెట్లు, టైమింగు అన్నింటినీ కలిపి కొత్తగా లెక్క కడతారు. అది స్వతంత్ర కావ్యరచన. దానికి నేను నమస్కరిస్తాను. పాత కావ్యంలో రెండు పాదాలు గీకేసి సొంత పేరు చెక్కుకొనేవాడికి మాత్రం నమస్కరించలేను.

రెండోది గాలి ఫిల్టరు. "ఓపెన్ ఫిల్టరు" పెడితే బండి ఊపిరి బాగా పీలుస్తుందని ఒక ప్రచారం. పీల్చేది ఏ గాలినో ఆలోచించారా? ఇది మార్కాపురం, పలకల ఊరు. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకొన్న పలకలు మా రాతి గనుల నుంచి వెళ్ళాయి. ఆ రాయి దుమ్ములో స్ఫటికపు రేణువులుంటాయి. అవి మనిషి ఊపిరితిత్తులకు చేసే చేటు ఏమిటో పలకల పనివారి ఇళ్ళను చూసిన మా వారికెవరికీ నేను చెప్పనక్కరలేదు. ఇనుమునే గీరగల గట్టిదనం ఆ రేణువుది. టూ స్ట్రోక్‌లో గాలి నేరుగా సిలిండరులోకి పోదు. ముందు క్రాంకు గదిలోకి, బేరింగుల మీదుగా పోయి, ఆ తరువాత పైకి ఎక్కుతుంది. అంటే ఫిల్టరు తీసినవాడు పిస్టనుకూ సిలిండరుకూ క్రాంకు బేరింగులకూ కలిపి ఆకురాయి తినిపిస్తున్నాడు. చెన్నపట్నం సముద్రపుటొడ్డున ఏమోగాని, క్వారీ లారీల వెనుక తిరిగే మా రోడ్లలో ఇది బండికి విషం పెట్టడమే. మేస్త్రీకి మాత్రం మంచి బేరం. ఏడాది తిరిగేసరికి సిలిండరు బోరుకు వస్తుంది.

మూడోది ఆయిలు పంపు. యమహా వారు "ఆటోల్యూబ్" అని పేరు పెట్టిన చిన్న పంపు ఒకటి ఇంజను పక్కన ఉంటుంది. ఇంజను తిరిగే వేగాన్ని బట్టీ, యాక్సిలరేటరు తిప్పిన మేరను బట్టీ అది నూనెను కొలిచి పంపుతుంది. మెల్లగా పోతే కొంచెం, దండిగా తిప్పితే ఎక్కువ. అమ్మ పిల్లల ఆకలి చూసి వడ్డించినట్టు. ఇప్పుడు దాన్ని పీకేసి, "లీటరుకు ఇరవై మిల్లీలీటర్లు" అని పెట్రోలులోనే నూనె కలపడం ఫ్యాషను. పంపు ఎప్పుడైనా చెడిపోతుందేమోనన్న భయమట. సరే, నంద్యాల నుంచి వస్తూ నల్లమల ఘాటు దిగి దిగువమెట్ట చేరే దారిని ఊహించండి. వాలులో యాక్సిలరేటరు పూర్తిగా మూసి, గేరులో ఉంచి దిగుతాం. ఇంజను వేగంగా తిరుగుతూనే ఉంటుంది, పెట్రోలు మాత్రం దాదాపు పోదు. పెట్రోలుతో కలిసిన నూనె కూడా పోదు. పంపు ఉంటే చక్రం తిరిగినంతసేపూ కనీసపు తడి అందుతూ ఉంటుంది. లేకపోతే పిస్టను పొడిగా రాపాడుతుంది. కొండ దిగి, చదునులో ఒక్కసారి వేగం పెంచగానే పట్టేస్తుంది. వెనుక చక్రం బిగుసుకొంటే మనిషి ఏమవుతాడో వేరే చెప్పాలా? పంపు చెడిపోతుందని భయపడేవాడు దాని తీగ సర్దుబాటు చూసుకోవాలి, గొట్టంలో గాలి బుడగలు తీయాలి, ఆయిలు ట్యాంకు కడగాలి. అరగంట పని. ఆ అరగంట ఓపిక లేక యంత్రంలోకెల్లా తెలివైన అవయవాన్ని కోసి పారేయడాన్ని సింప్లిఫై చేయడమంటున్నారు.

నాలుగోది రంగు. ఇది ప్రాణాంతకం కాదు గనక తొందరగా ముగిస్తాను. ముప్పై ఏళ్ళు ఎండలో నిలిచిన మూలపు రంగు, అంచుల్లో కాస్త వెలిసినా, ఇంకా నిలిచి ఉంటే దాని మీద కొత్త రంగు పూయడం తాళపత్రాన్ని సున్నం కొట్టి తెల్లగా చేయడమే. తుప్పు తినేసిన చోట తప్పదు, చేయండి. తినని చోట నూనె గుడ్డతో తుడవండి. నా మిత్రుడొకాయన తన బండిని ఒక నగరంలోని దుకాణానికిచ్చి, ఒక చిన్న ఇంటి శంకుస్థాపనకు సరిపోయేంత డబ్బు పోసి తెచ్చుకొన్నాడు. ట్యాంకులో ముఖం చూసుకోవచ్చు. విప్పి చూద్దుము గదా, క్రాంకు సీళ్ళు పాతవే, మేగ్నెటు కింద చెదలు కట్టిన మట్టి అలాగే ఉంది. గడపకు పసుపు పూసి ఇంట్లో చెత్త ఊడ్వనట్టు. లక్ష దాటిన ధరకు చేతులు మారుతున్న పాత బండ్లలో ఇలాంటివి ఎన్నో. "మేడ్ ఇన్ జపాన్" అనే అచ్చు ఉన్న విడిభాగం కోసం ఎగబడి కొనేవారు, ఆ విడిభాగం సరైన కొలతలో కూర్చొందో లేదో చూడరు.

మరి నిజమైన పునరుద్ధరణ ఏమిటి? అది ఇంటి వసారాలో జరుగుతుంది, నిశ్శబ్దంగా జరుగుతుంది, ఎవరికీ కనిపించదు. కావలసినవి మంచి పానాలు, మేగ్నెటు పుల్లరు, ఫీలరు గేజీ, కిరసనాయిలు గిన్నె, ఒక నోటు పుస్తకం. విప్పిన ప్రతి ముక్కా ఎక్కడిదో, ఏ వైపు తిరిగి ఉందో రాసుకోవాలి. సుత్తితో మేగ్నెటును కొట్టి ఊడదీసేవాణ్ణి గుమ్మం తొక్కనీయరాదు. ఆ దెబ్బలకు అయస్కాంతం బలం తగ్గుతుంది, క్రాంకు వంకరపోతుంది.

మొదట చూడవలసినవి క్రాంకు సీళ్ళు. టూ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు గది గాలి చొరని గది కావాలి. అదే దాని ఊపిరితిత్తి. మేగ్నెటు వైపు సీలు ఎండిపోతే అక్కడినుంచి దొంగగాలి దూరి మిశ్రమం పలచబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది, యాక్సిలరేటరు మూసినా వేగం దిగదు. క్లచ్చి వైపు సీలు పోతే గేరుబాక్సు నూనె లోపలికి లాగబడి, బండి దట్టమైన తెల్లపొగ వదులుతుంది. దుకాణంలో ఈ రెండింటికీ కార్బురేటరు స్క్రూ తిప్పి పంపుతారు. జ్వరానికి నుదుటి మీద గంధం పూసినట్టు.

రెండోది నిప్పు. నా బండిలో ఉన్నవి పాయింట్లు. మా మేస్త్రీలు ప్లాటినం అంటారు. వాటి ఎడం 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల నడుమ ఉండాలి. అరిగిన కొద్దీ ఎడం మారుతుంది, ఎడం మారితే నిప్పు పడే క్షణం మారుతుంది. ఒక మాత్ర ముందో వెనుకో పడితే గణభంగమే. మూడోది కార్బురేటరు. మికుని కార్బురేటరును పూర్తిగా విప్పి, జెట్లను గాలి ఊది శుభ్రం చేయాలి, సూది గుచ్చి రంధ్రం పెద్దది చేయరాదు. గాలి స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి అక్కడినుంచి వినడం మొదలుపెట్టాలి. ఇంజను వేడెక్కిన తరువాత పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు. ఎక్కడ అది తడబాటు లేకుండా తనంతట తాను పలుకుతుందో అదే శ్రుతి. ఆ తరువాత పది కిలోమీటర్లు నడిపి ప్లగ్గు విప్పి చూడాలి. వేయించిన ధనియాల రంగు ఉంటే పని కుదిరినట్టు. తడిగా నల్లగా ఉంటే మిశ్రమం చిక్కన, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పలచన. ప్లగ్గు అబద్ధం చెప్పదు.

ఈ కాలానికి ఒక కొత్త జాగ్రత్త కూడా చేర్చుకోవాలి. 2025 నాటికి మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు. ఈ బండి పుట్టినప్పుడు అది లేదు. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది, తనలోని ప్రాణవాయువు వల్ల మిశ్రమాన్ని కొంత పలచన చేస్తుంది. కనుక పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు మార్చాలి, ప్లగ్గు రంగు చూసి అవసరమైతే జెట్టు ఒక మెట్టు పెంచాలి, నెలల తరబడి నిలిపేటప్పుడు కార్బురేటరు గిన్నె ఖాళీ చేయాలి. ఇది ప్రక్షిప్తం కాదా అంటారేమో. కాదు. పాత కావ్యానికి ఈ కాలం చదువరి కోసం టీక రాయడం వంటిది. టీక మూలాన్ని కాపాడుతుంది, ప్రక్షిప్తం మూలాన్ని మింగుతుంది. ఈ తేడా తెలియనివాడు చేతికి పానా తీసుకోకపోవడం మంచిది.

ఇక ఆక్షేపణలు. విజ్ఞులైన మిత్రులు కొందరు, "పొగ చిమ్మే బండిని కాపాడమని పండితులవారు ప్రబోధిస్తున్నారా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. టూ స్ట్రోక్ ఇంజను కాలని పెట్రోలును కొంత బయటికి వదులుతుందని నేనే పైన ఒప్పుకొన్నాను. అందరూ రోజూ ఇవే నడపాలని నేననను, అనరాదు కూడా. కాని మిగిలి ఉన్న బండ్లు ఎలాగూ నడుస్తున్నాయి. వాటిలో శ్రుతి కుదిరినది వదిలే పొగ ఎంత, సీళ్ళు పోయి, జాలీ పోయి, నూనె కొలత తప్పినది వదిలే పొగ ఎంత? కాలుష్యం మీద నిజంగా బెంగ ఉన్నవాడు శ్రుతి చేయడాన్ని కర్తవ్యమనుకోవాలి. వారానికి ఒకసారి నడిచే శుభ్రమైన పాత బండి కన్నా, రోజూ కూడలిలో ఉరిమే కోసిన బండి ఊరికి ఎక్కువ చేటు.

"నా బండి, నా ఇష్టం" అనేది రెండో ఆక్షేపణ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఆ ఇష్టానికి హద్దు గీసింది. తయారీదారు నిర్దేశించిన దానికి విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. చట్టం మాట అటుంచినా, ఆసుపత్రి ముందు, బడి ముందు, చంటిపిల్ల నిద్రపోయే ఇంటి ముందు నీ ఇష్టం ఎవరి చెవుల్లో మోగుతున్నది? పోలీసులు అక్కడక్కడా ఇలాంటి సైలెన్సర్లను ఊడబీకి రోడ్డు రోలరు కింద వేసి నలిపిస్తున్నారు. అది చూసి నాకు సంతోషం కలగలేదు, సిగ్గు కలిగింది. చేతికందిన మంచి యంత్రాన్ని రోలరు కిందికి పంపించే స్థితికి తెచ్చుకొన్నది మనమే గదా.

అలాగని సర్కారును వదిలిపెట్టను. పదిహేనేళ్ళు దాటిన ద్విచక్రవాహనం రిజిస్ట్రేషను పునరుద్ధరణకు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 300 రూపాయల నుంచి 1,000కి పెంచారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2,000 చేశారు. మరోవైపు 2021లో తెచ్చిన నియమాల ప్రకారం "వింటేజి" అనే గౌరవం యాభై ఏళ్ళు దాటి, మూలరూపం చెడని బండికే. 1985 నాటి ఆరెక్స్ 100కు ఆ యోగం 2035లో పడుతుంది. అప్పటిదాకా దానికి గౌరవం లేదు, జరిమానా వంటి రుసుము మాత్రం ఉంది. మూలరూపాన్ని నిలిపినవాడికీ, కోసి పారేసినవాడికీ ఒకటే రుసుము. ఇదెక్కడి న్యాయం? నేను కోరేది సులువైనది. పునరుద్ధరణకు వచ్చిన బండిని నిజంగా పరీక్షించండి. సైలెన్సరు, ఫిల్టరు, పొగ తయారీదారు చెప్పిన తీరులో ఉంటే రుసుము తగ్గించండి, లేకుంటే రెట్టింపు చేయండి. అప్పుడు చూడండి, జాలీలు ఎంత వేగంగా వాటి చోట్లకు తిరిగి వస్తాయో!

చివరి మాట మా మేస్త్రీ గురించి. మార్కాపురంలో ఒకాయన ఉన్నాడు. పేరు రాస్తే ఆయనకు మొహమాటం. నాకంటే పెద్దవాడు. బండి వీధి మలుపు తిరుగుతుండగానే విని, "అయ్యవారూ, ప్లాటినం ఎడం పెరిగింది" అంటాడు. ఫీలరు గేజీ పెట్టి చూస్తే నిజమే అవుతుంది. ఏ బడిలోనూ ఆయన చదవలేదు, ఏ పుస్తకంలోనూ ఆ విద్య రాసి లేదు. ఒకప్పుడు ఆయన దగ్గర నలుగురు కుర్రాళ్ళు పని నేర్చుకొనేవారు. ఇప్పుడు వచ్చేవారు శ్రుతి చేయమని అడగరు. "జాలీ తీసెయ్ బాబాయ్, సౌండు రావాల" అంటారు. ఆయన తీయనంటాడు. వారు పక్క వీధికి పోతారు. పక్క వీధిలో తీస్తారు, డబ్బు కూడా ఎక్కువ ఇస్తారు. ఆయన చెవిలో ఉన్న శాస్త్రానికి ప్రతి లేదు. మూలప్రతి ఒక్కటే, అదీ డెబ్బై దాటింది. తాళపత్రాలు చెదలు తినిపోతే మనం కన్నీరు కారుస్తాం. మన కళ్ళెదుట ఒక శాస్త్రం బేరం లేక మూగపోతుంటే సైలెన్సరు మోతలో అది వినబడటం లేదు.

కనుక పాత బండి ఉన్న మిత్రులకు నా అభ్యర్థన ఇది. రంగు దుకాణానికి పోకముందు మీ ఊరి ముసలి మేస్త్రీ దగ్గరకు పోండి. ఆయనకు తీరిక ఉన్న పూట పక్కన కూర్చొని, సీలు మార్చడం, పాయింట్లు సరిచేయడం, ప్లగ్గు చదవడం నేర్చుకోండి. ఆయన అడిగినంత ఇవ్వండి, బేరమాడకండి. నేర్చుకొన్నది మీ పిల్లలకు మీ వసారాలో చూపించండి. ఎవరైనా "సౌండు లేదేంది బండికి?" అని అడిగితే, శ్రుతిలో ఉందని చెప్పండి. నా వాదంలో తప్పులున్నాయనుకొనేవారు నిర్మొహమాటంగా ఖండించవచ్చు. అయితే ఖండించే ముందు మీ బండి ప్లగ్గు ఒకసారి విప్పి, ఏ రంగులో ఉందో చూసి మరీ రాయండి.